ఇంజను పీల్చే గాలి

కారును సర్వీసింగుకు ఇచ్చినప్పుడు సిబ్బంది నల్లబడిన ఒక మడతల కాగితపు పలకను తెచ్చి చూపించి, ఎయిర్ ఫిల్టరు మార్చాలని చెబుతారు. అది నిజంగా మార్చవలసిన స్థితిలో ఉన్నదా, మార్చకపోతే ఇంజనుకు ఏమవుతుంది, మార్చవలసిందే అయితే ఆ పని ఇంటి దగ్గర సొంతంగా చేసుకోవచ్చునా అన్న సందేహాలు యజమానికి కలగడం సహజం. వీటిలో చివరిదానికి జవాబు తేలిక. టైర్లలో గాలి చూసుకోవడాన్ని మినహాయిస్తే, కారుకు సంబంధించి ఇంటి దగ్గర చేసుకోదగిన పనుల్లో ఇంతకన్నా సులువైనది దాదాపు లేదు. పావుగంట సమయం, ఒక స్క్రూడ్రైవరు, ఒక తడిగుడ్డ ఉంటే చాలు. మొదటి రెండింటికి మాత్రం జవాబు అంత సూటిగా దొరకదు, ఎందుకంటే కాగితం దుమ్మును ఎలా పట్టుకుంటుందన్న విషయంలో మామూలుగా ఉండే ఊహకూ అక్కడ నిజంగా జరిగేదానికీ చాలా తేడా ఉంది. ఆ తేడా తెలిస్తే, కాగితం రంగు కన్నా దాని చుట్టూ ఉండే మెత్తని అంచు ఎందుకు ముఖ్యమో కూడా తెలుస్తుంది.

లీటరు పెట్రోలుకు ఎంత గాలి

పెట్రోలు మండడానికి ఆక్సిజన్ కావాలి, గాలిలో ఆక్సిజన్ ఉండేది ఇంచుమించు ఐదో వంతే కాబట్టి, ఇంజను తాగే పెట్రోలు కన్నా పీల్చే గాలి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఒక కిలో పెట్రోలు మిగలకుండా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి అవసరం; ఇంధనమూ మిగలక, ఆక్సిజనూ మిగలక రెండూ సరిగ్గా సరిపోయే ఈ లెక్కను ‘సరితూకం’ అనుకోవచ్చు, ఇంజనీర్లు దీనినే స్టాయికియోమెట్రిక్ నిష్పత్తి అంటారు. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది కనుక దానికి పదకొండు కిలోల గాలి కావాలి, వేసవిలో ఘనమీటరు గాలి బరువు 1.15 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది కనుక ఆ పదకొండు కిలోలు దాదాపు తొమ్మిదిన్నర వేల లీటర్లవుతాయి. ముప్పై అయిదు లీటర్ల ట్యాంకు ఒకసారి నింపుకుంటే, అది ఖాళీ అయ్యేలోపు ఇంజను పీల్చే గాలి, పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదులు పదింటిని దాదాపుగా నింపుతుంది.

ఆ గాలిలో దుమ్ము ఎంత ఉంటుందన్నది కారు తిరిగే చోటును బట్టి ఉంటుంది, ఫిల్టరు ఆయుష్షు అంతా ఆ ఒక్క అంశం చుట్టూనే తిరుగుతుంది. 2009 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం, పది మైక్రోమీటర్లకు లోబడిన సూక్ష్మధూళి ఒక రోజు సగటున ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మనిషి తలవెంట్రుక మందం ఇంచుమించు డెబ్బై మైక్రోమీటర్లు. సరిగ్గా ఆ ప్రమాణం మేరకే దుమ్ము ఉన్న గాలిలో, లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు 40,000 కిలోమీటర్లు తిరిగితే, దాని ఫిల్టరుకు చేరే సూక్ష్మధూళి మొత్తం రెండున్నర గ్రాములే. చిన్న కారు ఫిల్టరు ఒకటి రెండు వందల గ్రాముల స్థాయిలో దుమ్మును మోయగలదు కాబట్టి, తారురోడ్డు మీద, శుభ్రమైన గాలిలో తిరిగే కారుకు అది పూడిపోవడం చాలా నెమ్మదిగా జరిగే వ్యవహారం. చీమకుర్తి గ్రానైటు క్వారీల దగ్గరో, తాండూరు నాపరాళ్ల గనుల దారిలోనో, మట్టిరోడ్డు మీద ముందు పోయే టిప్పరు వెనకాలో గాలిలో దుమ్ము వంద రెట్లు పెరిగినా ఆశ్చర్యం లేదు, అప్పుడు అదే దూరానికి ఫిల్టరు మీద పడేది పావు కిలో అవుతుంది. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే దూరం తిరిగిన రెండు కార్లలో ఒకదాని ఫిల్టరు కొత్తదానిలా ఉండి, రెండోదాని ఫిల్టరు ఎర్రమట్టితో గట్టిపడి ఉండడానికి కారణం ఇదే.

ఈ దుమ్ములో ఇంజనుకు అన్నిటికన్నా హాని చేసేది మామూలు ఇసుకలో ఉండే పదార్థమే. దాని శాస్త్రీయ నామం క్వార్ట్జ్, తెలుగులో పలుగురాయి; ఖనిజాల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది వరకు కొలిచే మోస్ కొలమానంలో దానిది ఏడో మెట్టు, అంటే అది గాజును గీస్తుంది, సిలిండరు గోడగా ఉండే పోతఇనుమునూ, పిస్టనుగా ఉండే అల్యూమినియాన్నీ మరింత తేలికగా గీస్తుంది. పిస్టను చుట్టూ ఉండే ఉక్కు రింగులకూ సిలిండరు గోడకూ మధ్య నూనె పొర మందం కొద్ది మైక్రోమీటర్లే కాబట్టి, ఆ పొర కన్నా లావైన రేణువు అందులో పడితే రెండు లోహాలనూ ఒకేసారి తాకుతుంది, పిస్టను ప్రతి రాకపోకలోనూ వాటిని కాస్త కాస్తగా అరగదీస్తుంది. ఇక్కడ లావుది అంటే కంటికి కనిపించేదని కాదు; అయిదు నుంచి ఇరవై మైక్రోమీటర్ల మధ్య ఉండే రేణువులే ఎక్కువ చేటు చేస్తాయి. వాల్వులను వాటి పీటకు సరిగ్గా కూర్చోబెట్టడానికి మెకానిక్కులు పూసి రుద్దే గ్రైండింగ్ పేస్టు కూడా నూనె జిడ్డులో కలిపిన గట్టి పొడే. ఫిల్టరును తప్పించుకున్న దుమ్ము ఇంజను ఆయిలులో కలిసి అలాంటి పేస్టునే తయారు చేస్తుంది, ఆ తరువాత ఆయిలు పారిన ప్రతి బేరింగులోనూ అరుగుదల మొదలవుతుంది. అందువల్లనే గనుల్లో తిరిగే భారీ వాహనాల ఇంజను ఆయిలును ప్రయోగశాలకు పంపి అందులో ఇసుకలోని మూలకమైన సిలికాన్ ఎంత ఉన్నదో కొలుస్తారు. సిలికాన్ పెరిగిందంటే గాలి దారిలో ఎక్కడో సందు పడిందని దాదాపుగా తేలుతుంది, ఇంజను విప్పకుండానే జబ్బు తెలుస్తుంది.

సందు పెద్దది, రేణువు చిన్నది

ఫిల్టరు కాగితం కలప గుజ్జుతో చేసినది, తేమకు మెత్తబడకుండా, మడతలు వంగిపోకుండా దానికి రెసిన్ పట్టిస్తారు. సూక్ష్మదర్శిని కింద చూస్తే అందులో ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్న పోగులు, వాటి మధ్య పదుల మైక్రోమీటర్ల ఖాళీలు కనిపిస్తాయి. ఇంజనుకు హాని చేసే రేణువులు ఎన్నో ఆ ఖాళీల కన్నా చిన్నవి. ఫిల్టరు జల్లెడ మాదిరిగా పనిచేసేదే అయితే ఇవన్నీ దాటిపోవాలి, కానీ మంచి ఫిల్టరు తనను చేరిన దుమ్ములో బరువు లెక్కన 99 శాతానికి పైగా ఆపుతుంది.

ఇది ఎలా సాధ్యమో కోస్తా తీరంలోని సరుగుడు తోటల వైపు చూస్తే తెలుస్తుంది. బాపట్ల, ప్రకాశం, నెల్లూరు తీరాల్లో సముద్రపు గాలికి ఇసుక ఎగిరివచ్చి పొలాల మీద పడకుండా సరుగుడు పెంచుతారు. చెట్టుకూ చెట్టుకూ మధ్య మనిషి నడిచిపోయేంత ఖాళీ ఉంటుంది, ఇసుక రేణువుకు అది రాజమార్గం, అయినా తోట వెనక పడే ఇసుక బాగా తగ్గిపోతుంది. గాలి చెట్టు చుట్టూ ఒంపు తిరిగి వెళ్లగలదు, బరువైన ఇసుక రేణువు మాత్రం జడత్వం వల్ల ఆ ఒంపు తిరగలేక తిన్నగా పోయి కొమ్మకో ఆకుకో తగులుకుంటుంది. వరస వెనక వరస ఉన్న చెట్లలో మొదటిదాన్ని తప్పించుకున్న రేణువు నాలుగోదానికో పదోదానికో తగలక తప్పదు. అది చాలక తోటలో గాలి వేగం కూడా తగ్గుతుంది కాబట్టి ఇసుక కింద రాలిపోతుంది. ఫిల్టరు కాగితంలో పోగులది ఇదే పని. మిల్లీమీటరు కూడా లేని మందంలో ఎన్నో మలుపులు ఉంటాయి, ఒక్కొక్క మలుపు దగ్గర బరువైన రేణువులు దారి తప్పి పోగును ఢీకొంటాయి. కాస్త తేలికైనవి గాలితోపాటే ఒంపు తిరుగుతాయి గాని, పోగును రాసుకుంటూ పోయేటప్పుడు దానికి అంటుకుపోతాయి. అంత చిన్న కొలతల్లో రేణువుకూ పోగుకూ మధ్య ఉండే అణువుల ఆకర్షణ దాన్ని అక్కడే పట్టి ఉంచడానికి సరిపోతుంది.

తోటకూ కాగితానికీ పోలిక ఇంతవరకే. మైక్రోమీటరులో పదో వంతు కన్నా చిన్న రేణువుల విషయంలో తోటలో లేని మరొక విశేషం కాగితంలో పనిచేస్తుంది. గాలి అణువులు నలువైపుల నుంచి తాకుతుండడం వల్ల అంత చిన్న రేణువు తిన్నగా పోలేక అటూ ఇటూ ఊగిసలాడుతుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ నీటిలోని సూక్ష్మ రేణువుల్లో గమనించిన కదలిక ఇదే, 1905లో ఐన్‌స్టీన్ దీనికి కారణం వివరించాడు, పాఠ్యపుస్తకాల్లో దీని పేరు బ్రౌనియన్ చలనం. ఊగిసలాడే రేణువు ఏదో ఒక పోగును తాకకుండా బయటపడడం కష్టం. అందువల్ల మరీ చిన్నవీ చిక్కుతాయి, పెద్దవీ చిక్కుతాయి. జడత్వం చాలనంత చిన్నవిగా, ఊగిసలాట చాలనంత పెద్దవిగా ఉండే మధ్యరకం, అంటే సుమారు 0.3 మైక్రోమీటర్ల దగ్గరివి, ఎక్కువగా తప్పించుకుంటాయి. అదృష్టవశాత్తు నూనె పొర కన్నా అవి ఎంతో చిన్నవి కనుక ఇంజనుకు వాటితో పెద్ద బాధ లేదు, అదే గాలిని పీల్చే మనిషి ఊపిరితిత్తులకే ఆ పరిమాణంతో ప్రమాదం.

రేణువులు పోగులకు అంటుకుంటున్నకొద్దీ, అంటుకున్న రేణువే కొత్తగా వచ్చేదానికి అడ్డు అవుతుంది. దుమ్ము మీద దుమ్ము పేరుకొని కాగితం పైన ఒక పలుచని పొర కడుతుంది, ఆ పొరలోని ఖాళీలు కాగితంలోని ఖాళీల కన్నా చాలా చిన్నవి. కాబట్టి కొద్ది వేల కిలోమీటర్లు తిరిగిన ఫిల్టరు, పెట్టెలోంచి అప్పుడే తీసిన కొత్త ఫిల్టరు కన్నా మెరుగ్గా వడపోస్తుంది. ఏ ఫిల్టరైనా ఎక్కువ దుమ్మును వదిలేది బిగించిన మొదటి రోజుల్లోనే. వినడానికి వింతగా ఉన్నా, వడపోత పరిశ్రమలో పనిచేసేవారికి ఇది ప్రాథమిక విషయం, ప్రయోగశాల పరీక్షల్లో తొలి దశ సామర్థ్యాన్నీ మొత్తం మీది సామర్థ్యాన్నీ వేరువేరుగా లెక్కగట్టడం అందుకే. మురికి కనిపించగానే మార్చేయడం ఇంజనుకు మేలు చేయదని, కొంత కీడే చేస్తుందని దీన్నిబట్టి గ్రహించాలి.

కాగితాన్ని మడతలు పెట్టడం వెనక ఉన్న లెక్క కూడా చూడదగినది. ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడవు, ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చట్రంలో నాలుగు సెంటీమీటర్ల లోతు మడతలు అరవై ఉన్నాయనుకుంటే, ప్రతి మడతకూ రెండు ముఖాలు కాబట్టి, విప్పి పరిస్తే ఆ కాగితం దాదాపు చదరపు మీటరు అవుతుంది, అంటే చట్రం వైశాల్యానికి పంతొమ్మిది రెట్లు. 1,200 సీసీ ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతూ పూర్తిగా గాలి పీలిస్తే సెకనుకు సుమారు ముప్పై లీటర్లు కావాలి. ఆ గాలి ఆరు సెంటీమీటర్ల గొట్టంలో సెకనుకు పది మీటర్లకు పైగా వేగంతో దూసుకువస్తుంది, కాగితాన్ని దాటేటప్పుడు మాత్రం దాని వేగం సెకనుకు మూడు సెంటీమీటర్లే. అంత నిదానంగా దాటడం వల్లనే గాలికి పెద్దగా నిరోధం ఎదురుకాదు, పట్టుబడిన రేణువు మళ్లీ ఎగిరిపోదు. చవక ఫిల్టర్లలో మడతలు తక్కువగా పెట్టి కాగితం ఆదా చేస్తారు. పైకి రెండూ ఒకే కొలతలో కనిపించినా వాటి పని ఒకటిగా ఉండదు.

వడపోతకు ఇంజను చెల్లించే వెల

ఎంత మంచి ఫిల్టరైనా గాలికి అడ్డమే, ఆ అడ్డును దాటించడానికి ఇంజను కొంత శక్తి ఖర్చు పెట్టాలి. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ప్రాంతంలో, ఉత్తర ఆఫ్రికా ఎడారికీ మాల్టాకూ పంపిన బ్రిటిష్ స్పిట్‌ఫైర్ విమానాలకు ఇసుక నుంచి రక్షణగా ముక్కు కింద వోక్స్ ఫిల్టరు అనే పెద్ద డొప్ప అమర్చారు. ఇంజన్లు దక్కాయి గాని విమానం వేగమూ పైకి ఎక్కే జోరూ తగ్గాయి. ఈజిప్టులోని అబుకీర్‌లో ఉన్న మరమ్మతు కేంద్రంవారు దానికన్నా చిన్నదైన ఫిల్టరును సొంతంగా రూపొందించి అమర్చాక ఆ నష్టం కొంత తీరింది. ఫిల్టరు తయారీ అంతా ఇంజను రక్షణకూ జోరుకూ మధ్య బేరమే.

మన పల్లెల్లో ట్రాక్టరు ఉన్నవారికి ఈ బేరం మరో రూపంలో పరిచయం. రోటావేటరు వేసేటప్పుడూ నూర్పిళ్లప్పుడూ లేచే దుమ్ముకు కాగితపు ఫిల్టరు త్వరగా పూడిపోతుంది కనుక, చాలా ట్రాక్టర్లకు ఆయిల్ బాత్ ఫిల్టరు ఉంటుంది. అందులో గాలి కిందికి దిగి నూనె గిన్నె మీదుగా ఒక్కసారిగా వెనక్కి తిరిగి పైకి పోవాలి. ఆ మలుపు తిరగలేని రేణువులు నూనెలో పడతాయి, మిగిలినవి నూనెతో తడిసిన ఇనుప తీగల వలకు అంటుకుంటాయి. గిన్నెలో నూనె రోజూ చూసుకొని, చిక్కబడితే మార్చుకుంటే చాలు, కొత్త ఫిల్టరు కొనే పని లేదు. సూక్ష్మమైన దుమ్మును పట్టడంలో మాత్రం అది కాగితానికి సాటిరాదు.

కారు విషయానికి వస్తే, ఫిల్టరు పూడితే మైలేజీ పడిపోతుందన్న మాట ఎక్కడ చూసినా వినిపిస్తుంది. కార్బ్యురేటరు కాలంలో అది నిజం. కార్బ్యురేటరులో పెట్రోలును లాగేది గొంతులోని చూషణమే కాబట్టి, పైన గాలికి అడ్డు పెరిగితే ఆ చూషణం పెరిగి గాలి తగ్గినా పెట్రోలు తగ్గేది కాదు, మిశ్రమం చిక్కబడి నల్లపొగ వచ్చేది. ఇప్పటి కార్లలో సిలిండరుకు చేరే గాలిని సెన్సర్లు అంచనా వేస్తాయి, పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను మరో సెన్సరు చూసి చెబుతుంది, కంప్యూటరు దానికి తగినంత పెట్రోలునే చిమ్మిస్తుంది. కాబట్టి గాలి తగ్గితే పెట్రోలూ తగ్గుతుంది, సరితూకం చెడదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో ప్రకటించిన పరీక్షల్లో, బాగా పూడిన ఫిల్టర్లతో నడిపినా ఆధునిక పెట్రోలు కార్ల మైలేజీలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు, వేగం పుంజుకోవడానికి పట్టే సమయం మాత్రం పెరిగింది. పోల్చడానికి తీసుకున్న పాత కార్బ్యురేటరు కారులో మైలేజీ కూడా కొద్ది శాతం తగ్గింది.

దీనికి కారణం యాక్సిలరేటరు కింద ఉన్న ఏర్పాటులోనే ఉంది. పెట్రోలు ఇంజనుకు గాలి దారిలో థ్రాటిల్ అనే గుండ్రని రేకు తలుపు ఉంటుంది, మామూలుగా నడిపేటప్పుడు అది చాలా వరకు మూసుకొనే ఉండి, గాలి పీడనాన్ని సగం దాకా తగ్గించేస్తుంది. నీటి మట్టంలో చెబితే అది నాలుగైదు మీటర్ల పీడన నష్టం. మురికి ఫిల్టరు వల్ల అదనంగా వచ్చే నష్టం నీటి మట్టంలో పది ఇరవై సెంటీమీటర్లు. నడిపేవారి కాలు తెలియకుండానే యాక్సిలరేటరును వెంట్రుకవాసి ఎక్కువ నొక్కుతుంది, తలుపు అంత మేరకు ఎక్కువ తెరుచుకుంటుంది, ఇంజనుకు మొత్తం మీద ఏ తేడా తెలియదు. తలుపు పూర్తిగా తెరిచే సందర్భంలో, అంటే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో లారీని దాటేటప్పుడో, సర్దుకోవడానికి అవకాశం ఉండదు కనుక ఫిల్టరు నిరోధం అప్పుడే బయటపడుతుంది. డీజిలు ఇంజను సంగతి వేరు. అక్కడ జోరును అదుపు చేసేది చిమ్మే డీజిలు పరిమాణం, గాలి ఎప్పుడూ అవసరానికి మించి ఉండాలి. ఫిల్టరు బాగా పూడితే బరువు లాగేటప్పుడు గాలి చాలక పొగ పెరుగుతుంది, టర్బో ఎక్కువ శ్రమపడుతుంది. లారీలకూ పెద్ద ట్రాక్టర్లకూ ఫిల్టరు పెట్టె మీద నిరోధాన్ని చూపే చిన్న సూచిక ఉండడం అందుకే, సాధారణంగా పీడన నష్టం 25 అంగుళాల నీటి మట్టానికి చేరేసరికి అది ఎర్రరంగు చూపిస్తుంది.

పెట్టె తెరిచి చూస్తే

బానెట్ ఎత్తగానే ఇంజను పక్కనో పైనో కనిపించే నల్లటి ప్లాస్టిక్ పెట్టెలో ఫిల్టరు ఉంటుంది. ఇంజనులోకి పోయే లావుపాటి నల్ల గొట్టాన్ని వెనక్కి వెతుక్కుంటూ వస్తే అది ఈ పెట్టె దగ్గరే ఆగుతుంది. కారు ఆపి, ఇంజను చల్లారిన తరువాత, పెట్టె మూతకు ఉన్న ఉక్కు క్లిప్పులను వేలితో ఊడదీయాలి. కొన్ని మోడళ్లలో క్లిప్పుల స్థానంలో స్క్రూలు ఉంటాయి. మూతకో దాని పక్క గొట్టానికో తీగలతో ఉన్న సెన్సరు కనిపిస్తే దాన్ని లాగకుండా, తీగ సాగినంత మేరకే మూతను పైకి ఎత్తాలి. ఫిల్టరును బయటికి తీసేముందు దాని ఏ ముఖం పైకి ఉన్నదో చూసి పెట్టుకోవడం, వీలైతే ఫోనులో ఫొటో తీసుకోవడం, తరువాత తడుముకోకుండా చేస్తుంది.

పాత ఫిల్టరును కుదపకుండా, వంచకుండా నిటారుగా ఎత్తాలి, లేకపోతే మడతల్లోని మట్టి శుభ్రంగా ఉన్న వైపు రాలుతుంది. ఫిల్టరుకు ఇవతల, బయటి గాలి వచ్చే సగంలో, ఎండుటాకులు, పురుగులు, ఇసుక ఉండడం మామూలే. ఇళ్ల ముందు ఆపి ఉంచే కార్లలో ఎలుకలు చేర్చిన వేరుశనగ పొట్టు, గుడ్డపీలికలు కూడా దొరుకుతాయి, అప్పుడు ఫిల్టరు కాగితాన్ని అవి కొరికాయేమో వెలుతురులో పెట్టి చూడాలి. ఈ భాగాన్ని తడిగుడ్డతో ఒత్తి తుడవాలి. గాలి కొట్టే మరతో ఊదితే దుమ్ము లేచి ఇంజను వైపు గొట్టంలో చేరుతుంది. పెట్టె అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం ఉంటే, అది మట్టితో పూడిపోకుండా చూసుకోవాలి.

ఇక్కడ వరదల మాట చెప్పుకోక తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు, ఇళ్ల దగ్గర నిలిపి ఉన్న ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. అలా నీటిలో ఉన్న కారును స్టార్టు చేయబోయే ముందు చూడవలసిన చోట్లలో ఈ పెట్టె ముఖ్యమైనది. ఫిల్టరు తడిసి ఉంటే నీరు సిలిండరు దాకా పోయి ఉండవచ్చు. నొక్కితే గాలి కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు కనుక, ఆ స్థితిలో ఇంజను తిప్పితే పిస్టనును పట్టుకొని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఫిల్టరులో తడి కనిపించిందంటే తాళం చెవి తిప్పకుండా మెకానిక్‌ను పిలవడమే మార్గం.

కొత్త ఫిల్టరును పెట్టడంలో అసలు కిటుకు అంచు దగ్గర ఉంది. కాగితం చుట్టూ ఉండే రబ్బరు లేదా నురుగు అంచు పెట్టె గాడిలో అన్ని వైపులా సమంగా కూర్చుంటేనే గాలి కాగితం గుండా పోతుంది. కాగితం తనను చేరిన దుమ్ములో 99.5 శాతాన్ని ఆపుతుందనుకుంటే ఇంజనుకు పోయేది అర శాతం. అంచు దగ్గర సందు పడి గాలిలో నూటికి ఒక వంతు వడపోత లేకుండా దూరిపోతే, ఆ ఒక శాతం గాలితోపాటు ఒక శాతం దుమ్మూ పోతుంది, మొత్తం ఒకటిన్నర శాతం అవుతుంది. నూటికి తొంభై తొమ్మిది వంతుల గాలి మంచి కాగితం గుండానే పోతున్నా, ఇంజనుకు చేరే దుమ్ము మూడు రెట్లయిందన్నమాట. పైగా కాగితం పూడుతున్నకొద్దీ గాలి సులువైన దారి వెతుక్కొని సందు గుండానే ఎక్కువగా పోతుంది. కొత్త ఫిల్టరు వంకరగా కూర్చున్న కారు కన్నా, పాత ఫిల్టరు బిగుతుగా కూర్చున్న కారు ఇంజనే ఎక్కువ కాలం మన్నుతుంది.

కాబట్టి ఫిల్టరు కొనేటప్పుడు కారు మోడలు, తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నవి చెప్పి సరైన పార్టు నంబరుదే అడగాలి, పాతదాని పక్కన పెట్టి అంచు మందం సరిచూడాలి, అంచు గట్టిపడి ఉన్నదాన్నీ మడతలు ఎగుడుదిగుడుగా అతికినదాన్నీ తిప్పి ఇచ్చేయాలి. గాడిలో పెట్టాక అంచు చుట్టూ వేలితో తడిమి, ఎక్కడా పైకి లేవలేదని తేల్చుకోవాలి. మూతకు ఒకవైపు నాలుకల వంటి పట్లు ఉంటే ముందు వాటిని గాడిలోకి దూర్చి, ఆ తరువాతే ఎదుటివైపు క్లిప్పులు వేయాలి. క్లిప్పు బలవంతాన పడుతున్నదంటే లోపల ఫిల్టరు సరిగా కూర్చోలేదనే అర్థం, అప్పుడు మరింత గట్టిగా నొక్కకుండా మూత తీసి మళ్లీ చూడాలి.

ఎప్పుడు మార్చాలి

మన దేశంలో అమ్ముడయ్యే చాలా కార్లకు తయారీదారులు ముప్పై నలభై వేల కిలోమీటర్లకు ఒకసారి ఫిల్టరు మార్చమనీ, మధ్యలో పది వేలకు ఒకసారి తెరిచి చూడమనీ, దుమ్ము ఎక్కువగా ఉన్న చోట అంతకన్నా ముందే మార్చమనీ చెబుతారు. కచ్చితమైన అంకె ఎవరి కారు పుస్తకంలో వారికి దొరుకుతుంది. ఈ చివరి షరతును చదవకుండా వదిలేసేవారే ఎక్కువ, నిజానికి క్వారీ, సిమెంటు, మట్టిరోడ్ల ప్రాంతాల్లో తిరిగే వారికి ఆ వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం.

రంగును బట్టి తీర్పు చెప్పడం అంత నమ్మదగినది కాదు. నగరాల్లో వాహనాల పొగ నుంచి వచ్చే మసి బరువులో అత్యల్పం, రంగులో మాత్రం గాఢం. గ్రాములో ఏ కొంచెమో చేరినా తెల్లని కాగితం నల్లబడుతుంది, గాలికి అడ్డు ఏమంత పెరగదు. మడతల మధ్య లోయల్లో మట్టి పేరుకొని పూడిపోవడం, మడతలు ఒకదానికొకటి అతుక్కోవడం, కాగితం తడిసి ఉబ్బడం, ఇంజను వైపు నుంచి ఆయిలు మరకలు కనిపించడం, అంచు చిట్లడం వంటివి మార్చడానికి నిజమైన కారణాలు. చాలామంది చేసే మరో పని, పాత ఫిల్టరుకు గాలి కొట్టించి మళ్లీ పెట్టడం. వర్క్‌షాపు కంప్రెసరులో పీడనం 100 పీఎస్ఐ దాటి ఉంటుంది, కారు టైరులో ఉండేది ముప్పై పైచిలుకు. శుభ్రం చేసి వాడుకోవడాన్ని అనుమతించే భారీ వాహనాల ఫిల్టర్లకు కూడా 30 పీఎస్ఐ దాటకుండా, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు, దూరం నుంచి ఊదాలని సూచిస్తారు. అంతకు మించిన పీడనానికి కాగితంలో పోగులు విడిపోయి కంటికి కనబడని రంధ్రాలు పడతాయి, పైగా వడపోతకు సాయపడుతున్న దుమ్ము పొర ఊడిపోతుంది. రెసిన్ పట్టించిన కాగితాన్ని నీటితో కడగడమైతే మరీ తగదు. కొత్త ఫిల్టరు ధర చాలా కార్లకు కొన్ని వందల రూపాయలే, దానికోసం ఇంజనును పణంగా పెట్టడం లెక్క కుదరని పొదుపు.

ఫిల్టరు చట్రం మీద ఆ రోజు తేదీ, మీటరు మీది కిలోమీటర్లు పెన్నుతో రాసి పెడితే, తరువాతి సర్వీసింగులో ఎవరు ఏమి చెప్పినా సరిచూసుకోవడానికి ఆధారం ఉంటుంది. పది వేల కిలోమీటర్ల తరువాత మూత తెరిచినప్పుడు, ఫిల్టరు కన్నా ముందు దాని అవతలి వైపు, అంటే ఇంజనుకు పోయే గొట్టం లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు ఏమీ అంటకపోతే ఫిల్టరు ఎంత మురికిగా ఉన్నా తన పని చేస్తున్నట్టే. మట్టి చార కనిపిస్తే మాత్రం కాగితాన్ని పక్కన పెట్టి, ఆ చార ఎక్కడ మొదలవుతున్నదో వెనక్కి చూసుకుంటూ వెళ్లి, సరిగా కూర్చోని అంచునో, పగిలిన మూతనో, వదులైన గొట్టం బిగింపునో పట్టుకోవాలి.